అక్క చేతి తాళం

మా ఆఫీసు గోడ మీద "ఇరవై రెండేళ్ళ నమ్మకం" అని పెద్ద బోర్డుంది. నమ్మింది ఎవరో ఆ బోర్డు మీద లేదు. మా అక్క నమ్మింది. ఆ ఇరవై రెండేళ్ళలో అక్క ఇరవై రెండు ఇళ్ళు మారింది. కరపత్రాల్లో ఎలాగూ వెయ్యరు కాబట్టి నేను రాస్తున్నాను.

మేం చేసేవి చిన్న ఇళ్ళు. ఒక గది, మంచం పట్టేంత పడకటిల్లు, వంటకింత చోటు, స్నానాల గది, ముందు బుల్లి వరండా. కింద చక్రాలుంటాయి. లారీకి కట్టి తీసుకెళ్ళి అద్దె స్థలంలో దించితే సరి. రిటైరై, చలికి తట్టుకోలేని ముసలివాళ్ళు ఏటా నాలుగు నెలలు వెచ్చగా ఉండే మా వైపు వచ్చి వీటిలో ఉంటారు. ఎండలు ముదరగానే వెళ్ళిపోతారు. షెడ్డులో మేం వాళ్ళని కొంగలంటాం. ఎదురుపడితే సార్, మేడమ్.

మొదట్లో మాది తలుపులూ కిటికీలూ చేసే పని. అన్నయ్యకి నోరుంది, నాకు చెయ్యి ఉంది. అక్క మా ఇద్దరికంటే పెద్దది. మొగుడితో పొసగక ఒక ట్రంకు పెట్టె, ఒక కుట్టుమిషన్, ఒక చిన్న అద్దంతో మా దగ్గరికి వచ్చేసింది. నోట్లో నాలుక లేని మనిషి. పనివాళ్ళకి వండిపెట్టేది.

అన్నయ్య మాట విని చేసిన మొదటి చక్రాల ఇల్లు రెండు నెలలైనా అమ్ముడుపోలేదు. చూడ్డానికి వచ్చినవాళ్ళు రంగు వాసనకి ముక్కు మూసుకుని, అగ్గిపెట్టెలా ఉందని వెళ్ళిపోయేవాళ్ళు. దొంగల భయానికి అన్నయ్య అక్కని అందులో ఉండమన్నాడు. అక్క పాత దుప్పటి చించి కిటికీకి తెర కట్టింది, మిషన్ కిటికీ కింద పెట్టుకుంది. ఒక రోజు టీ కాస్తుంటే ఒక జంట వచ్చింది. అక్క వాళ్ళకి ఇల్లు చూపించలేదు, కూర్చోమంది. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ టీ తాగింది. గంట తర్వాత ఆయన షెడ్డులోకొచ్చి, "మాకు ఆ ఇల్లే కావాలి. తెరతో సహా" అన్నాడు.

"చూశావురా? ఖాళీ ఇంట్లో గోడలే కనిపిస్తాయి. మనిషుంటే బతుకు కనిపిస్తుంది" అన్నాడు అన్నయ్య. అక్కది మంచి చెయ్యి అని తాళం కూడా ఆమె చేతే ఇప్పించాడు. ఇక అదే మా పద్ధతైపోయింది. ఏటా ఒక నమూనా ఇల్లు, అందులో అక్క. సీజన్ చివర అదీ అమ్ముడుపోతుంది. పెట్టె, మిషన్, అద్దం కొత్త ఇంట్లోకి మారతాయి. ఏ ఇల్లు అమ్మినా తాళం అక్క చేతి మీదుగానే వెళ్ళాలి.

"ఈ ఒక్క సీజన్ గడవనీ అక్కా. ఆ తర్వాత నీ ఇల్లు నీకే" అనేవాడు అన్నయ్య. అబద్ధమని అనుకుని అనలేదు, అదే నాకు ఒళ్ళు మండిపోయే సంగతి. ఏటా నిజంగానే అనుకునేవాడు, ఏటా నిజంగానే మరిచిపోయేవాడు.

ఏడాదికి మూడిళ్ళు ముప్పై అయ్యాయి, ముప్పై నూటిరవై అయ్యాయి. ఆఫీసుకి అద్దాల తలుపులొచ్చాయి, ఆ తలుపుల వెనక మావాడికి, అదే అన్నయ్య కొడుక్కి, తిరిగే కుర్చీ వచ్చింది. మా ఇళ్ళల్లో అరలన్నీ అక్క చెయ్యెత్తితే అందే ఎత్తులో ఉంటాయి. గడప లేనిది అక్క మోకాళ్ళ నొప్పి వల్ల. మంచం పక్కన పట్టుకుని లేవడానికి కర్ర పెట్టింది అక్క చెబితేనే. వీటన్నిటికీ కరపత్రంలో "పెద్దల కోసం ప్రత్యేక డిజైన్" అని పేరు, పక్కన మావాడి ఫొటో.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. అక్క ఒక్కసారే అడిగింది, అదీ నన్ను, అరవై తొమ్మిదో ఏట.

"ఒరే తమ్ముడూ, గోడకి ఒక మేకు కొట్టుకోవాలనుందిరా."

నమూనా ఇంట్లో మేకు కొట్టకూడదని మా రూలు. గోడకి చిల్లుంటే కొనేవాడు బేరానికి దిగుతాడు. ఇన్నేళ్ళూ ఆ అద్దం మిషన్‌కి ఆనించే ఉంది. తల దువ్వుకోవాలంటే అక్క వంగేది. నేను రోజూ చూసేవాణ్ణి, ఆ రోజే కనబడింది.

అన్నయ్యతో పెద్ద గొడవే పెట్టుకున్నాను. సీజన్ లేని నెలల్లో, పనివాళ్ళని ముట్టుకోనివ్వకుండా నా చేత్తోనే ఒక ఇల్లు చేశాను. కిటికీ కొంచెం వెడల్పుగా పెట్టాను. యార్డు చివర, అమ్మేవాటికి దూరంగా దాన్ని నిలిపి తాళం అక్కకిచ్చాను. లోపలికి వెళ్ళగానే సుత్తి అడిగింది. మేకు తనే కొట్టుకుంది, అద్దం తగిలించింది, నిటారుగా నిలబడి మొహం చూసుకుంది. "ముసలిదాన్నయిపోయానురా" అని నవ్వింది.

నలభై రోజులు ఉంది అందులో.

సీజన్ మొదలైంది. మావాడు నమూనా ఇంటికి ఏసీ పెట్టించి, పొందిగ్గా మాట్లాడే అమ్మాయిని జీతానికి పెట్టాడు. అక్కడ చూసి విసిగిన ఒక జంట, యార్డంతా తిరుగుతూ చివరికొచ్చి, కిటికీలో మా అక్కని చూశారు. తలుపు తట్టారు. "ఇది అమ్మకానికి కాదండీ" అంటే సరిపోయేది. ఇరవై రెండేళ్ళ అలవాటు మరి. "రండి, కూర్చోండి" అంది. టీ పెట్టింది. అందరికీ శకునాలు చెప్పే బల్లి తాను పోయి కుడితిలో పడ్డట్టే అయింది.

సాయంత్రం మావాడు పరుగెత్తుకొచ్చాడు. వాళ్ళు ఆ ఇల్లే కావాలంటున్నారట. ఇస్తే, వాళ్ళ స్నేహితులకి ఇంకో ఆరిళ్ళు చెబుతారట.

"నీ ఇష్టం అత్తా. నువ్వు వద్దంటే వద్దు" అన్నాడు. అన్నయ్య పక్కనే నిలబడి చెప్పుల వంక చూస్తున్నాడు. నేను వరండా పలక బిగిస్తున్నాను. నోట్లో నాలుగు మేకులున్నాయి. ఉమ్మేసి ఒక్క మాట అనచ్చు. అనలేదు. ఇంతకాలం అన్నయ్యని తిట్టుకున్నాను గానీ, ఆ నిమిషంలో అన్నయ్యకీ నాకూ తేడా ఏం లేదు.

"ఇచ్చేయండి. పాపం, ఆవిడకి కిటికీ నచ్చిందట" అంది అక్క. మేకు తనే పీకింది. "తమ్ముడూ, కాస్త లప్పం ఉందా?" అని నన్నే అడిగి, చిల్లు పూడ్చి, వేలితో నున్నగా చేసింది. మర్నాడు తాళం తనే ఇచ్చింది. అప్పుడు తీసిన ఫొటోనే ఇప్పుడు బోర్డు కింద ఉంది. అందులో అక్క నవ్వుతోంది, ఫొటో తీసేవాడు నవ్వమన్నాడు.

"వచ్చే ఏడు దీన్ని మించినది చేయిద్దాం" అన్నాడు అన్నయ్య. అక్క పెట్టె మళ్ళీ నమూనా ఇంట్లోకి మారింది. వానలు వెనకపట్టాక, సీజన్ ఇంకా మొదలుకాకముందే, ఒక మధ్యాహ్నం మిషన్ ముందు కూర్చుని అలాగే పోయింది.

ఆ ఇల్లు చూడ్డానికి సీజన్ మొదటి వారమే ఒక రిటైరైన మాస్టారు, ఆయన భార్య వచ్చారు. మనిషి పోయిన ఇల్లంటే ఎవరు కొంటారు? మావాడు ముందే పెట్టె, మిషన్, అద్దం తీయించేశాడు.

"ఇందులో ఎవరైనా ఉండేవారా?" అని అడిగిందావిడ.

"లేదండీ. కొత్తది. ఎవరూ ఉండలేదు."

"మరి ఇదేంటి?"

గోడకి ఒక మేకుంది. ఎప్పుడు కొట్టుకుందో, ఎవరినీ అడగలేదు.

"మా వడ్రంగి పొరపాటండీ" అన్నాడు మావాడు. ముగ్గురూ నా వైపు చూశారు.

"అవునండీ, నా పొరపాటే" అన్నాను.

మేకు నా ఛాతీ ఎత్తులో ఉంది. అక్క పొట్టిది. పట్టుకారుతో లాగేసి, లప్పం పెట్టి, వేలితో నున్నగా చేశాను. ఆ మంచి చెయ్యి ఇక లేదు కదా, తాళం నా చేతే ఇప్పించారు.