తువ్వాల కింది ధర

వనపర్తిలో మా మరిది పోయాడు. పొద్దున చాయ్ తాగి, పేపరు తిరగేస్తూ, కుర్చీలోనే. ఎవరి మాటకూ అడ్డు తగలకుండా ఆయన చేసిన పని నాకు తెలిసి ఇదొక్కటే.

డిగ్రీ కాలేజీలో అర్థశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. తోటివాళ్లంతా మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకుంటుంటే ఈయన కృత్రిమ మేధ గురించి మాట్లాడేవాడు. అడిగింది రాసిపెట్టే ఆ యంత్రాల వల్ల వ్యాపారం, ఆర్థిక వ్యవస్థ ఏమవుతాయని లోకంలో సాగుతున్న పరిశోధనలన్నీ చదివి ఒక సమీక్షా వ్యాసం రాయాలని పట్టుబట్టాడు. ఉడికించిన పల్లికాయలు ఒలుస్తూ చదివేవాడు. ఏ కాగితం దులిపినా పొట్టు రాలేది. చదివిందల్లా నాకు అప్పజెప్పేవాడు. తెలుగు పంతులమ్మను, పారిపోయే వయసు కాదు, విన్నాను.

మొదట్లో ఆఫీసు పని ఎంత తొందరగా తెములుతుందని కొలిచారట. తర్వాత ఎవరి కొలువు పోతుందని. ఇప్పుడు కొందరు మనుషులను అడగడమే మానేసి, కొనేవాడిలా, అమ్మేవాడిలా నటించమని యంత్రాన్నే అడిగి, ఆ జవాబులతో మార్కెట్టును అంచనా కడుతున్నారట. అక్కడ ఈయనకు ఒళ్లు మండింది. నా ముందే ఫోన్లో దాన్ని బిజినేపల్లి పల్లీల రైతులా మాట్లాడమన్నాడు. మార్కెట్ పరిస్థితులను జాగ్రత్తగా పరిశీలించి నిర్ణయం తీసుకుంటానన్నది.

"గింత మర్యాదగ మాట్లాడే రైతు మన దిక్కు ఎవడున్నడయ్యా?" అన్నాను. దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

ఆ నవ్వులోంచే వ్యాసంలో ఒక పేరా పుట్టింది. యంత్రం నేర్చుకునేది రాతల నుంచి. పెబ్బేరు పశువుల సంతలో బేరం తువ్వాల కింద వేళ్లు నొక్కి చేస్తారు; నోటితో అనరు, కాగితం మీద పెట్టరు. మరి ఆ బేరగాడిని యంత్రం ఎట్లా నటిస్తుందని ఆయన ప్రశ్న. వ్యాసం పంపితే పత్రికవాళ్లు మెచ్చుకున్నారు. ఆ పేరాకు మాత్రం ఆధారం చూపండి, లేదా తీసేయండి అన్నారు. ఆధారం దొరుకుతుందేమోనని ఆ యంత్రాన్నే అడిగాడు. అది పుస్తకం పేరు, రచయిత పేరు, పేజీతో సహా చెప్పింది. వెతికితే అలాంటి పుస్తకమే లేదు.

అప్పటికే ఆయన గుండె నీరసించింది. ఆ వ్యాసం అచ్చులో చూసుకుని పోవాలని ఎంత ఆశో నాకు తెలుసు.

"ఆ పుస్తకం పేరే పెట్టెయ్యి. ఎవడు వెతుకుతడు?" అన్నాను.

"నేను వెతికిన గద వదినె," అన్నాడు. "పుట్టని పుస్తకాన్ని సాక్ష్యం తెస్తే, సదువు చెప్పిన పిల్లలకు ఏం ముఖం చూపిస్త? నడువు, పెబ్బేరు పోదాం. అడిగి, చూసి, అదే రాస్త."

దవాఖానలో ప్రయాణాలు వద్దన్నారు. ఆయన వినలేదు. తిట్టుకుంటూ వెంట వెళ్లాను. తిరిగొచ్చాక రాయడం మొదలుపెట్టాడు గానీ ముగించలేదు. ఉన్నదాన్ని పత్రికవాళ్లు వేస్తారో లేదో తెలియదు.

నాకు మాత్రం ఆయన సంతలోనే కనబడతాడు. ఇస్త్రీ చొక్కా నిండా దుమ్ము, అటూ ఇటూ ఎడ్లు. దళారి తువ్వాల కప్పి ఆయన చేతిని లోపలికి లాక్కున్నాడు. మా మరిది కళ్లు మూసుకుని, పెదాలు బిగించి, కొననే కొనని ఎద్దుకు ఇంకొంచెం తగ్గించమని వేళ్లు నొక్కుతున్నాడు.