నేనే అల్లిన వేపతోరణం

ఆదివారం. ఎండ మండిపోయింది. ఊరికే కూర్చోలేక పొద్దున్న ఆడవాళ్ళతో పాటు ఇరవై మూరల వేపతోరణం అల్లాను.

కామెర్లు తగ్గాక విశ్రాంతి కోసం భద్రాచలం అవతల గోదావరి లంకకు, పడవ నడిపే సోమయ్య ఇంటికి వచ్చి నెల అయింది. పని ముట్టనివ్వరు. తినడం, పడుకోవడం, నీళ్ళు చూడటం. రేపు మా ఆవిడకు కంటి ఆపరేషన్. పక్కనే ఉంటానని మాటిచ్చాను.

సాయంత్రం సంచి పట్టుకుని రేవుకు వెళ్తే, నా తోరణమే అడ్డంగా కట్టి ఉంది. విత్తనాల పండగ కట్టు అట. మూడు రోజులు ఎవరూ దాటకూడదు. దాటితే ఊరి విత్తనం మొలవదని వాళ్ళ నమ్మకం.

"ఏంది సోమయ్యా, పొద్దుగాల్నే చెప్పొద్దా?"

"తెలిసే అల్లుతున్నవనుకున్న అన్నా. గింత గట్టిగ మావోళ్ళు గూడ అల్లరు."

ఇసుక దిబ్బ ఎక్కితే ఫోను కలిసింది. మా ఆవిడకు అంతా చెప్పాను.

"తెంపకు," అంది. "నెల దినాలు వాళ్ళ బువ్వ తిన్నవ్. నా కాడ చెల్లె ఉంటది లే."

ఆ గొంతులో భయం నాకు తెలుసు. తోరణం నడుమెత్తున ఉంది. వేలితో లాగితే తెగుతుంది. తిరిగి వస్తూ ఒకచోట ముడి వదులుగా కనిపిస్తే బిగించి వచ్చాను. మీరైతే ఏం చేసేవారో చెప్పండి.

సంచిలో బట్టలు ఇంకా తీయలేదు.