టీచరమ్మ తెచ్చిన క్రొకోస్మియా దుంపలు

నరసరావుపేటలో మిషను వాళ్ళ ఆడపిల్లల బడి ఒకటుండేది. ఆ బడి తోటమాలి ఇమాం సాహెబ్ చేతిలో ఎండుపుల్లయినా చిగురేస్తుందని పేరు. ఆ పేరంటే అతనికి ప్రాణం.

1943లో దసరా సెలవులకు కూనూరు వెళ్ళిన రత్నకుమారి టీచరు, వస్తూ వస్తూ గుడ్డసంచిలో చిన్న దుంపలు తెచ్చింది. పూసల్లా ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. క్రొకోస్మియా అంది.

"కొరకోసమ్మా? అదేం పేరు టీచరమ్మా?"

"పేరుదేముంది బాబాయ్. ఎండాకాలంలో నిప్పురంగు పూలు పూస్తుంది. మన పిల్లలు చూడాలి."

తరగతి కిటికీ ముందు, ఆమె చూపించిన చోటే నాటాడు. కత్తుల్లాంటి ఆకులు దుబ్బుగా లేచాయి. రెండు వేసవులు గడిచినా ఒక్క పూలకాడా రాలేదు. పల్నాటి ఎండకు ఆకుల కొసలు మాడిపోయేవి. "తుంగ పెంచుతున్నావా సాయిబూ?" అని వచ్చేపోయేవాళ్ళు నవ్వుతుంటే అతనికి తల కొట్టేసినట్టుండేది.

మూడో ఏడు ఆమెకు ఛాతీజబ్బు చేసింది. మదనపల్లె క్షయ ఆస్పత్రికి వెళ్తూ, "వాటిని తీసెయ్యొద్దు బాబాయ్" అని ఒక్కమాట చెప్పింది. నెల తిరక్కుండానే ఇమాం సాహెబ్ పలుగు తీసుకుని దుబ్బులన్నీ పెళ్ళగించి, అక్కడ కనకాంబరాలు పెట్టాడు. దుంపల్ని బావి వెనక నీళ్ళు పారే చోట పారబోశాడు.

వేసవిలో ఆమె కార్డు వచ్చింది. పూశాయా అని అడిగింది. అతనికి రాత రాదు. బడిలో వంటచేసే గ్రేసమ్మ చేత జవాబు రాయించాడు.

"ఎండకి చచ్చిపోయినయ్యని రాయమ్మా."

గ్రేసమ్మ కలం ఆపింది. "నువ్వే పీకేశావుగా అన్నా."

"నే చెప్పింది రాయి."

తొలకరి పడిన వారానికి బావి వెనక, వేపనీడలో, వంగిన కాడల మీద నిప్పురంగు పూలు వరసగా విచ్చాయి. ఇమాం సాహెబ్ బొక్కెన దించి దగ్గరికెళ్ళి చూశాడు. ఇంకో కార్డు రాయించాలి. రాయిస్తే పీకిన సంగతీ చెప్పాలి. రేపు, ఎల్లుండి అనుకుంటూ పక్షం రోజులు గడిపాడు. పూలు రాలిపోయాయి. శ్రావణంలో ఆమె పోయిందని కబురొచ్చింది.

బడిలో ఉండిపోయిన కూతురి ట్రంకుపెట్టె కోసం ముప్పాళ్ళ నుంచి తల్లి పిచ్చమ్మ వచ్చింది.

"నీ కార్డు చూసి చానా బాధపడిందయ్యా. తెలివితక్కువగా ఎండలో పెట్టించా, బాబాయ్ కష్టం మట్టిపాలు చేశా అంది."

ఇమాం సాహెబ్ ఇక ఉండబట్టలేక అంతా చెప్పేశాడు. పీకింది, పూసింది, రాయించనిది. 

"పూసినయ్యని ఒక్క ముక్క రాయిస్తే ఏం పోయేదయ్యా?" అని మాత్రం అంది పిచ్చమ్మ.

అతను పెట్టె నెత్తినెత్తుకుని బండి దాకా మోశాడు.

ఆ దుబ్బులు ఏటా పూసేవి. పిల్లలు కోసుకుని జడల్లో పెట్టుకునేవాళ్ళు. ఇమాం సాహెబ్ వాటికి వేళకు నీళ్ళు పోసేవాడు గానీ, పూత మొదలయ్యాక అక్కడ ఎక్కువసేపు నిలబడేవాడు కాదు.