నలభై తొమ్మిది ఇళ్ళ బొంత

ఆ రోజుల్లో నాకు రెండు పనులు చచ్చినా చేతనయ్యేవి కావు. ఒకటి సూదిలో దారం ఎక్కించడం, రెండోది ఒకరి గుమ్మంలో నిలబడి ఏదైనా అడగడం. పక్కింటికెళ్ళి కప్పు పంచదార తెమ్మంటే, ఆ పూట నాకు టీయే అక్కర్లేదని తప్పించుకున్న ఘనురాలిని. అలాంటి నన్ను, ఇరవై ఒకటో ఏట, ఉద్యోగంలో చేరి నాలుగు నెలలు కూడా కాకుండానే, మా మామ్మ పిలిచి నలభై తొమ్మిది గుమ్మాలు ఎక్కి పాతగుడ్డలు అడుక్కు రమ్మంది. ఇల్లంతా వెతికినా అంతకంటే పనికిరాని మనిషి దొరకదని ఆవిడకి తెలియదు పాపం.

అసలు సంగతేమిటంటే, మా అప్ప, అంటే అక్క, మూడోసారి కడుపుతో పుట్టింటికి వచ్చింది. అంతకు ముందు రెండుసార్లు నిలబడలేదు. రెండోసారైతే ఏడో నెల వచ్చాక పోయింది. అందుకని ఈసారి మా క్వార్టర్స్‌లో అందరం మెల్లగా నడిచేవాళ్ళం, మెల్లగా మాట్లాడేవాళ్ళం. స్టీల్ ప్లాంట్‌లో నైట్ షిఫ్టు చేసి వచ్చిన నాన్న బూట్లు మెట్ల దగ్గరే విప్పి చేత్తో పట్టుకొని పైకి వచ్చేవారు. పోర్టులో క్రేను నడిపే బావ గంటకోసారి ఫోను చేసి "ఎలాగుంది?" అని అడిగి, జవాబు వినడానికి భయమేసి పెట్టేసేవాడు. ఎలమంచిలి దగ్గరి మా ఊరి నుంచి మామ్మ ఒక చేతిసంచీ, ఒక సూదుల డబ్బా పట్టుకొని దిగింది. దిగీ దిగగానే నన్ను కూర్చోబెట్టింది.

"నాను సెప్పింది ఇను. మన ఇంటి ముక్క ఒక్కటుండకూడదు. డబ్బెట్టి కొనకూడదు. పిల్లా పాపా సల్లగున్న ఇళ్ళకెళ్ళి, గుమ్మంలో నిలబడి, నోరు తెరిసి అడగాల. ఇంటికొక ముక్క, అరజానెడు. ఏడు వరసలు, వరసకేడు. అడుక్కున్న బొంత మీద పడుకున్న బిడ్డని సూసి, దేముడు కూడా ఇదెవరో అడుక్కునేవోళ్ళ పిల్ల అనుకోని ఒగ్గేత్తాడు."

"మామ్మా, నాకు ఆఫీసుంది కదా..."

"సాయంత్రం నేదేటి? నువ్వే తేవాల. తోడబుట్టినదానివి."

(అడుగున వేయడానికి తన పాత నేతచీరే తీసింది. మన ఇంటి గుడ్డ వద్దన్నావు కదా అంటే, "నాను ఈ ఇంటిదాన్ని కాదు, ఎలమంచిలిదాన్ని" అంది. చట్టం చేసినవాళ్ళకి సందులు కూడా తెలిసే ఉంటాయి.)

మర్నాడు సాయంత్రం, పోర్టు దగ్గర ఆఫీసులో ఓడల కాగితాలు టైపు చేసీ చేసీ బస్సు దిగి, తిన్నగా ముందు వరస క్వార్టర్స్‌లోకి వెళ్ళాను. మొదటి ఇంటి బెల్లు నొక్కాను. లుంగీ కట్టుకున్న ఒక పెద్దాయన తలుపు తీసి "ఎవరు కావాలమ్మా?" అన్నాడు. గుమ్మం పక్కన గోడ మీది కరెంటు మీటరు వంక చూస్తూ నిలబడ్డాను. చివరికి "మీకు కరెంటు ఉందాండీ?" అన్నాను. ఆయన వెనక్కి తిరిగి, వెలుగుతున్న ట్యూబులైటు వంక చూసి, "ఉందమ్మా" అన్నాడు. "మాకూ ఉందండి" అని చెప్పి మెట్లు దిగి పారిపోయాను. అడిగిన ఇళ్ళు ఒకటి, తెచ్చిన ముక్కలు సున్నా, పోయిన పరువు మాత్రం పూర్తిగా ఒక మనిషిది.

అప్పుడు గుర్తొచ్చాడు సాల్దు మావ. కూర్మన్నపాలెం సెంటర్లో ఆయనది టైలరు షాపు. మా సెక్టారు ఆడవాళ్ళ జాకెట్లన్నీ ఆయన కత్తెర కిందికే వెళ్ళేవి. ఆయన అసలు పేరు ఎవరికీ తెలియదు. ముప్పావు మీటరిచ్చినా, మీటరున్నర ఇచ్చినా, టేపు మెడలో వేసుకొని గుడ్డను రెండుసార్లు అటూ ఇటూ తిప్పి, విచారంగా తల ఊపి, "సాల్దమ్మా, సాల్దు. ఇంకో పావు మీటరు తేవాల" అనేవాడు. అందుకే ఆ పేరు. ఆయన మిషను కింద ఒక గోనెసంచీ ఉండేది. దాని నిండా రంగురంగుల ముక్కలు. బొంతకని అడిగితే (ఆయన్ని అడగడానికి సిగ్గు వేయలేదు, షాపుకి గుమ్మం లేదు కాబట్టి కాబోలు) "ఓస్ దీనికేటి! దిళ్ళల్లో కుక్కడానికి ఉంచినాను, కావలసినన్ని ఏరుకోమ్మా" అన్నాడు. ఒకదానిలా ఒకటి లేకుండా నలభై తొమ్మిది ఏరుకున్నాను. కొత్తగుడ్డ బిరుసు పోవడానికి వాటిని చాకలిసోడా వేసి ఉడకబెట్టి, ఎండబెట్టి, మళ్ళీ ఉడకబెట్టాను. జీవితంలో నేను అంత శ్రద్ధగా చేసిన మొదటి వంట అదే.

రోజుకి ఏడు ముక్కల చొప్పున మామ్మ చేతిలో పెట్టి, "ఈ వరస ఇళ్ళు అయిపోయాయి మామ్మా" అనేదాన్ని. మామ్మకి కళ్ళల్లో శుక్లాలు. రంగులు లీలగా కనిపించేవి. ముక్కని బుగ్గకి ఆనించుకొని మెత్తదనం చూసేది. తరవాత కళ్ళు మూసుకొని, "ఆ ఇళ్ళు సల్లగుండాల. ఆళ్ళ పిల్లలు సల్లగుండాల" అనేది. ఏడు రోజులూ అదే మాట. మొదటి రోజు తెలివైనదాన్ననుకున్నాను. మూడో రోజుకి అన్నం సహించలేదు. ఐదో రోజున కింది వాటాలో ఉండే గోదావరి జిల్లా పిన్నిగారు మెట్ల మీద కనబడితే మామ్మ ఆవిడ చేతులు పట్టుకొని, "మా పిల్ల అడిగితే కాదనకుండా ఇచ్చినావమ్మా, నీ రుణం ఉంచుకోము" అంది. పిన్నిగారు నా మొహం చూశారు, మామ్మ మొహం చూశారు, "ఆయ్, దాందేవుందండీ, మీకంటేనా" అన్నారు. ఏం ఇచ్చారో తెలియకుండానే మర్యాదకి ఒప్పేసుకున్న ఆ గోదావరి గుణానికి నేను మనసులో సాష్టాంగపడ్డాను.

బొంత పూర్తయింది. మామ్మ తడిమి తడిమి కుట్టింది, అమ్మ సూదిలో దారం ఎక్కించింది. ఎనిమిదో నెల రాగానే అప్పకి బీపీ పెరిగింది. కాళ్ళు పొంగాయి. మంచం దిగవద్దనీ, ఏ మాత్రం తేడా ఉన్నా వెంటనే తీసుకురమ్మనీ డాక్టరమ్మ చెప్పింది. ఆ సాయంత్రం అప్ప బొంతని పొట్ట మీద పరుచుకొని ఒక్కో గడీ వేలితో రాస్తూ పడుకుంది. "నలభై తొమ్మిది మంది తల్లులు ఇచ్చినారే. ఈసారి ఏటీ కాదు కదే?" అంది. "ఏటీ కాదే" అన్నాను. నాకు భయం వేసింది. మామూలు భయం కాదు. దేవుడు ఆ బొంత వంక చూస్తాడు, ఇది అడుక్కున్నది కాదు, బద్ధకస్తురాలు సంచీలోంచి ఏరుకొచ్చింది అని కనిపెట్టేస్తాడు, కోపమొచ్చి నన్నేం చేస్తాడో గానీ ముందు అప్పని... అక్కడితో ఆలోచన ఆపేసి బాత్‌రూములోకి వెళ్ళి కొళాయి తిప్పి ఏడ్చాను. (డిగ్రీలో సైన్సు చదివినదాన్ని. అయినా ఆ కొళాయి కింద సైన్సు ఒక్క ముక్క గుర్తుకు రాలేదు.)

ఆదివారం పొద్దున్న, ఉతుకుతానని చెప్పి బొంతని ఒక సంచీలో పెట్టుకొని సాల్దు మావ దగ్గరికి పరుగెత్తాను. జరిగిందంతా చెప్పాను. ఆయన నవ్వలేదు. బొంతని బల్ల మీద పరిచి, కళ్ళజోడు సరిచేసుకొని, "దీనికి ఏడుత్తావేటే గుంటా? ఇయ్యన్నీ మీ సెక్టారు ఇళ్ళవే కదేటి" అన్నాడు.

"ఎవరివో ఎలా తెలుస్తుంది మావా?"

"ఎలాగేటి? నా సేత్తో కోసినాను. ఇదిగో, ఈ గులాబీది మీ కింద గోదారోళ్ళ పిన్నిగారిది, దసరాకి కుట్టినాను. ఈ జరీ అంచుది రెండో వరసలో డ్రైవరు గారి భార్యది. ఈ ఆకుపచ్చది..."

సుద్దముక్క తీసుకొని ప్రతి గడి మీదా క్వార్టరు నంబరు రాసుకుంటూ పోయాడు. ఒక్కచోట కూడా ఆగలేదు. ఊళ్ళో వాళ్ళ జాకెట్లన్నీ ఆయన తలలో మడతపెట్టి ఉన్నాయి. "ఇంకేటి, ఎల్లి ఇచ్చినామని అనిపించుకో. ఎనకాల అడిగితే మాత్రం అడిగినట్టు కాదేటి?" అన్నాడు. ఆ క్షణంలో ఆయన నాకు దేవుడి తరఫు వకీలులా కనిపించాడు.

అలా, నలభై తొమ్మిది గుమ్మాలూ ఎక్కక తప్పలేదు. అదీ భుజాన బొంతతో. మొదటి బెల్లు పిన్నిగారిదే. విషయం చెప్పి, గులాబీ గడి చూపించి, "ఇది ఇచ్చానని ఒక్క మాట అనండి పిన్నిగారూ" అన్నాను. ఆవిడ ముందు నా తల నిమిరారు. "అయ్యో, ఇచ్చానమ్మా, ఇచ్చాను. బంగారంలాంటి బిడ్డ పుడుతుంది" అన్నారు. తరవాత ఆ గడిని దగ్గరగా చూశారు. ఇంకా దగ్గరగా చూశారు. "ఏవమ్మా, ఈ గుడ్డ చాల్లేదని నా చేత ఇంకో పావు మీటరు కొనిపించాడే! చేతులకి అతుకేశానన్నాడే! మరి ఇంత ముక్క ఎక్కడిదీ?" అన్నారు.

అప్పుడు తట్టింది నాకు, సాల్దు మావకి తట్టనిది. ఆ బొంతలో ప్రతి గడీ ఆయన మీద ఒక సాక్ష్యం. కానీ ఆగడానికి లేదు, అక్కడ అప్ప మంచం మీద ఉంది. రెండో ఇంటికి వెళ్ళేసరికి పిన్నిగారు కూడా నాతో వచ్చారు. ఐదో ఇంటికి మేం ఐదుగురం. ప్రతి గుమ్మంలోనూ అదే వరస, ముందు దీవెన, తరవాత కేక. "ఇచ్చినానమ్మా, తల్లీ పిల్లా సల్లగుండాల! ఓలమ్మో, ఇది నా పెళ్ళిరోజు జాకెట్టు కాదేటి!" మధ్యాహ్నానికి నలభై ఎనిమిది దీవెనలు పూర్తయ్యాయి. అడిగే సిగ్గు ఏ ఇంటి దగ్గర జారిపోయిందో నేను చూసుకోలేదు. ఆడవాళ్ళందరూ అటునుంచి అటే కూర్మన్నపాలెం వెళ్ళారు. సాల్దు మావ వాళ్ళని దూరం నుంచి చూసి షట్టరు దించేశాడని, లోపల్నుంచి "సాలుద్దమ్మా, ఇకనుంచి సాలుద్ది!" అని అరిచాడని తరవాత తెలిసింది.

నేను వెళ్ళలేదు. నాకు ఇంకో గుమ్మం మిగిలింది. తెల్ల చుక్కల నీలం గడి. అది ఎవరిదో నంబరు చూడగానే తెలిసింది. నాకు పదో తరగతిలో లెక్కలు చెప్పిన టీచరుగారిది. ఆవిడకి పిల్లలు లేరు. భర్త పోయాక ఒక్కరే ఉంటున్నారు. నేను తడబడుతూ చెప్పిందంతా విని, ఆవిడ ఆ గడి మీద చెయ్యి వేశారు.

"మీ మామ్మగారు పిల్లలున్న ఇళ్ళలోనే కదమ్మా అడగమన్నారు?"

"అవునండి."

"మరైతే ఇది విప్పేద్దాం. నా దగ్గర చిన్న కత్తెర ఉంది" అని లేచారు. ఆ లేవడంలో కోపం లేదు, అలవాటు ఉంది. ఎన్ని పేరంటాల్లో అలా తనంతట తనే లేచి పక్కకి వెళ్ళి ఉంటారో. నాకు ఏడుపొచ్చింది. నియమం ప్రకారం విప్పాలి. అప్ప కోసం విప్పాలి. కానీ నా నోట్లోంచి, "విప్పితే నలభై ఎనిమిదే అవుతాయండి" అని వచ్చింది.

ఆవిడ ఆగారు. "లెక్క తప్పుతుందా?"

"తప్పుతుందండి."

"అయితే ఇచ్చాను" అన్నారు. కత్తెర మళ్ళీ సొరుగులో పెట్టేశారు.

ఆ తరవాతి మూడు వారాలూ నేను బతికిన తీరు పగవాళ్ళకి కూడా వద్దు. అబద్ధం తీరిపోయింది, కానీ తెలిసి తెలిసి నియమం తప్పాను. ఫోను మోగితే ఉలికిపాటు. ఆఫీసులో ఒక ఓడని, సరుకుతో సహా, తప్పు రేవుకి టైపు చేశాను. చివరికి ఒక మిట్టమధ్యాహ్నం బావ ఫోను చేశాడు. అలవాటు కొద్దీ "ఎలాగుంది?" అన్నాడు. "నువ్వే కదా బావా ఆస్పత్రిలో ఉన్నావు!" అని అరిచాను. "ఆఁ, అవును కదా. ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నారు" అన్నాడు. ఇద్దరం చెరో వైపూ ఏడ్చాం.

ఇరవై ఒకటో రోజున మామ్మ ఆ ఇళ్ళవాళ్ళందరినీ పిలిచింది. పిల్లని బొంత మీద పడుకోబెట్టి, వచ్చినవాళ్ళని వచ్చినట్టు "నీ ముక్కేదమ్మా?" అని అడిగి, వాళ్ళు చూపించిన గడి మీద పసుపు చుక్క పెట్టింది. (బొంత ఎక్కడిదో ఒక్కరూ నోరు జారలేదు. మా సెక్టారులో అంతకు ముందూ ఆ తరవాతా దాగిన రహస్యం అదొక్కటే.) సాయంత్రానికి చుక్క లేని గడి ఒక్కటే మిగిలింది. మామ్మ దాన్ని వేలితో తడిమింది. "ఈ నీలిది ఎవరిదే?"

టీచరుగారు చేతిలో చిన్న గౌను పొట్లంతో గుమ్మం బయట, చెప్పుల దగ్గరే నిలబడి ఉన్నారు. నేను మళ్ళీ కరెంటు సంగతి అడుగుతానేమోనని భయమేసింది. కానీ, "టీచరుగారిది మామ్మా. నేనే అడిగాను" అన్నాను.

మామ్మ ఆ శుక్లాల కళ్ళతో గుమ్మం వైపు చాలాసేపు చూసింది. తరవాత పిల్లని బొంతతో సహా రెండు చేతులా ఎత్తుకొని, మోకాళ్ళు పట్టుకుపోతున్నా మెల్లగా నడిచి వెళ్ళి, టీచరుగారి చేతుల్లో పెట్టింది.

"మరి దూరంగా నిలబడిపోనావేటమ్మా? సూడు, నీ ముక్క మీదే పోసీసింది. పసుపెక్కడెట్టను?" అంది.

ఆ పిల్ల ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. లెక్కలు టీచరుగారి దగ్గరే నేర్చుకుంది, నాకంటే నయం. బొంత దాని కాళ్ళకి కూడా చాలదు, అయినా దిండు కింద మడత పెట్టుకుంటుంది. సాల్దు మావ షాపుని ఇప్పుడు కొడుకు చూసుకుంటున్నాడు. మొన్న జాకెట్టు గుడ్డ పట్టుకెళితే, టేపు మెడలో వేసుకొని అటూ ఇటూ తిప్పి, విచారంగా తల ఊపి, "సాల్దు మేడమ్, ఇంకో పావు మీటరు తేవాల" అన్నాడు. సుబ్బరంగా సరిపోతుందని నాకు తెలుసు. మాట్లాడకుండా వెళ్ళి కొనుక్కొచ్చి ఇచ్చాను. ఆ గోనెసంచీ ఇంకా మిషను కిందే ఉంది.