లేని ఆడపడుచు

పళ్ళ డాక్టరు దగ్గర ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్న నర్సమ్మకు దొరికినట్టు శ్రోతలు లోకంలో ఇంకెవరికీ దొరికి ఉండరు. అందరూ నోరు బార్లా తెరుచుకుని వింటారు, ఒక్కరూ మధ్యలో అడ్డు తగలలేరు. రోగి నోట్లోంచి ఉమ్ము లాగే గొట్టం ఒక చేత్తో పట్టుకుని, ఆవిడ తన ఆడపడుచు సంగతులు ఎత్తుకునేది. డ్రిల్లు గుయ్యిమనే వేళకు సరిగ్గా ఆడపడుచు ఏదో ఒకటి కొంప మీదికి తెచ్చుకునేది. రోగి పంటి సంగతి మరిచిపోయి, తర్వాతేమైందని కళ్ళతోనే అడిగేవాడు. రూట్ కెనాల్‌కు మూడు సిట్టింగులు కాబట్టి కథకూ మూడు భాగాలు.

ఇందులో ఒకటే చిక్కు. నర్సమ్మ మొగుడు తల్లిదండ్రులకు ఒక్కగానొక్క బిడ్డ. ఆ ఆడపడుచు ఈ భూమ్మీద ఎన్నడూ పుట్టలేదు.

పెద్ద డాక్టరు రిటైరయ్యాక ఆయన కూతురు ఆ గదిలోకి వచ్చింది. పనిలో మంచి నేర్పు, మాటలో మహా పొదుపు. వచ్చీ రాగానే రోగికి కనిపించేలా పైకప్పుకు టీవీ బిగించి, అందులో చేపలను ఈదించింది.

"అక్కా, ఇక కబుర్లు వద్దు. మీ మాటలకి రోగులు నవ్వి తల కదిలిస్తున్నారు. డ్రిల్లు నాలుక్కి తగిలితే ఎవరిది పూచీ? ఇంకోసారి వింటే మిమ్మల్ని ముందు గదిలో కూర్చోబెడతాను, పేర్లు రాసుకుందురుగాని."

నిజమే, ఆ మాటలో తప్పు పట్టడానికేమీ లేదు. కానీ ముందు గదిలో కూర్చునే వాళ్ళందరికీ నోళ్ళు ఆడతాయి. వాళ్ళ గోడు వినడమే తప్ప తను చెప్పేదేముంటుంది? నర్సమ్మ నాలుగు రోజులు మూతి బిగించుకుని పనిచేసింది.

ఐదో రోజు, అంతకుముందే రెండు భాగాలు విని వెళ్ళిన లారీ డ్రైవరు ఒకడు మూడో సిట్టింగుకు వచ్చాడు. ఆరడుగుల మనిషి, సూదంటే మాత్రం చచ్చేంత భయం. నోరు తెరిచాడు. చేపలను చూశాడు. నర్సమ్మ వంక చూశాడు. టక్కున నోరు మూసేశాడు.

"నొప్పిగా ఉందా?" అంది డాక్టరమ్మ.

"లేదండీ. ఈవిడ ఆడపడుచు మొగుడి మీద అలిగి, ఇంటికి బయట తాళం వేసి వెళ్ళిపోయింది. లోపల మావగారు నిద్రపోతున్నాడు, చూసుకోలేదు. తర్వాతేమైంది?"

"ముందు నోరు తెరవండి."

"ముందు ఆవిడ తెరవాలి."

డాక్టరమ్మకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "ఈవిడ భర్తకి అసలు తోబుట్టువులే లేరు. వీళ్ళ పెళ్ళికి మా నాన్న కూడా వెళ్ళారు. అదంతా కట్టుకథ," అనేసింది.

నర్సమ్మ తలెత్తలేకపోయింది. ఇరవై రెండేళ్ళ పరువు పక్కనున్న ఉమ్ము గిన్నెలో కొట్టుకుపోయిందనుకుంది. రేపటి నుంచి ముందు గదే గతి.

"ఆ సంగతి నాకు మొదటి రోజే తెలుసండీ," అన్నాడు డ్రైవరు తాపీగా. "ఏ ఆడపడుచైనా తన తప్పులు తెచ్చి వదినకి చెప్పుకుంటుందా? ఆవిడ ఉంటే ఏం, లేకపోతే ఏం. ఎవరో ఒకరు తాళం తీసేదాకా ఆ ముసలాయన లోపలే ఉంటాడు కదండీ."

డాక్టరమ్మ రిమోటు తీసి చేపలను ఆపేసింది.

"తల కదిలితే మాత్రం ఊరుకోను," అంటూ డ్రిల్లు అందుకుంది.

నర్సమ్మకు ముందు ఒళ్ళు మండింది. మొదటి రోజే తెలుసట! తెలిసి కూడా అమాయకుడిలా కళ్ళు పెద్దవి చేసి విన్నాడన్నమాట. ఆ తర్వాత మెల్లగా ఒక సంగతి తట్టి, మనసు దూదిపింజలా తేలికైపోయింది. ఎక్కడ పట్టుబడతానోనన్న భయంతో ఇన్నేళ్ళూ ఆడపడుచును ఊరు పొలిమేర దాటనివ్వలేదు తను. ఇక ఎవరికి భయపడాలి?

గొట్టం సర్దుకుని గొంతు సవరించుకుంది.

"ఏముంది, తాళంచెవి ఆవిడ సంచీలోనే ఉండిపోయింది. ఆవిడేమో అప్పటికే ఓడ ఎక్కేసింది."

లారీ డ్రైవరు నోరు దానంతటదే తెరుచుకుంది.