పాయింటు తర్వాత సున్నా

మా లెక్కల అయ్యవారు ఇక లేరు. సోమవారం పొద్దున నాగలమడిక బస్సు కండక్టరు నేను పనిచేసే తాలూకాఫీసు కిటికీ దగ్గరికొచ్చి, "మీ అయ్యవారు నిన్న పోయినారంటప్పా" అన్నాడు.

మా బడి వెనక వాన కొలిచే డబ్బా ఉండేది. కరువేడైనా సరే, రోజూ ఎనిమిదిన్నరకు ఆయన దాని మూత తీసి, గాజు కొలతగొట్టాన్ని కంటికి ఆనించుకుని చూసి, నోటుబుక్కులో 0.0 అని రాసేవారు. "ఆకాశంలో మోడమే లేదు, ఏం కొలుస్తావు సామీ" అని గొర్రెలు తోలుకుపోయేవాళ్లు నవ్వేవారు.

"వట్టి సున్నా చాలదా సార్?" అని ఒకసారి అడిగాను.

"చాలదప్పా. వట్టి సున్నా ఎవరైనా కూర్చున్న చోటే ఏస్తారు. పాయింటు తర్వాత కూడా సున్నా ఉంటే, పోయి చివరి గీత దాకా చూసినట్టు."

తర్వాత నేను తుమకూరులో కంప్యూటరు నేర్చుకుని ఈ ఆఫీసులో చేరాను. అన్ని ఊళ్ల వాన కొలతలూ అచ్చువేసే ప్రోగ్రాం బేసిక్ అనే కంప్యూటరు భాషలో రాశాను. ఉత్త PRINT అని రాసి వదిలేశాను. ఆ మిషనుకు 0.0 అన్నా 0 అన్నా ఒకటే. కొలత కాగితమే రాని ఊళ్లకూ అది 0 వేసింది, అయ్యవారు రోజూ చూసిన ఊరికీ 0 వేసింది.

శెనిక్కాయ చేలు నిలువునా ఎండిన ఏడు అది. సర్కారు పశువులకు మేత ఇచ్చే కరువు ఊళ్ల పట్టికలో మా ఊరు లేదు. అయ్యవారు ఆఫీసుకొచ్చారు.

"మూడు నెలలు మీరు కొలిచినట్టే లేదే మేష్ట్రే, కాగితం రాని ఊళ్ల మాదిరే అన్నీ వట్టి సున్నాలే" అన్నాడు ఆఫీసరు.

"దినామూ పోయి చూసినాను సార్" అని ఆయన నా వైపు చూశారు. నేను తల ఎత్తలేదు. పిరికివాణ్ని.

మర్నాడు PRINT USING పెట్టి, పాయింటు తర్వాత ఒక అంకె తప్పక పడేలా దిద్దాను. కాగితం రాని చోట గీత వేయించాను. కానీ పట్టిక అప్పటికే పైకి పోయింది. ఆ నెలలోనే అయ్యవారు మేత లేక తన ఎద్దుల జతను సంతకు తోలారు. తప్పు నాదని ఆయనకు చెప్పలేదు. ఆయన పోయాక మీకు చెబుతున్నాను, సిగ్గుగా ఉంది.

రిటైరయ్యాక కూడా కొలవడం మానలేదాయన. సోమవారం ఆయన ఇంటికి వెళ్తే అయ్యవారి భార్య నోటుబుక్కు తెచ్చి చూపించారు. శనివారం దాకా నిండి ఉంది.

"నిన్నటిది ఖాళీగా ఉండాది నాయనా. వాన యాడొచ్చింది, సున్నా ఏసేయి."

పెన్ను తీశాను. మళ్లీ జేబులో పెట్టుకున్నాను.

"నిన్న ఎవరూ పోయి చూడలేదు గదమ్మా" అని పుస్తకం మూశాను.