ఒంగుడే, ఆగుడు లేదు

నీ మొగుడు ఏం నౌకరి చేస్తాడని ఎవరైనా అడిగితే ఆ రోజుల్లో నాకు ఒళ్లు మండేది. ఏమని చెప్పాలి? మిలిటరీ అంటే ఊరుకోరు. మిలిటరీలో ఏం చేస్తాడంటారు. ఆయన ఉత్తరంలో రాసినట్టే, మంచు గుట్టల మీది నుంచి కాళ్లకు కట్టెలు కట్టుకుని జారుతాడని ఒకసారి బావి దగ్గర నోరు జారాను. అంతే, నీళ్లు చేదే ఆడవాళ్లు తాళ్లు వదిలేసి మరీ నవ్వారు.

"జారేటందుకు గూడ జీతమిస్తరానే? మా పోరగాండ్లు పొద్దుందాక ఉత్తగనే జారుతుండ్రు గదనే!" అంది ఒకామె. ఆ రోజు నుంచి ఊళ్లో నా పేరు పోయి 'జారుడాయన పెండ్లాం' మిగిలింది.

నాకు ఇంకా మంట ఎక్కడంటే, ఆయనకు ఆ జారడం కూడా రాదు. ఆ సంగతి ఊరికి తెలియదు. నాకూ ఆ చలికాలం దాకా తెలియదు.

మా అత్తవారి ఊరు వికారాబాద్ పక్కనే, అనంతగిరి గుట్టల కింద. గొర్లు మేపుకుని బతికే ఇల్లు. మా పుట్టిల్లు తాండూరు. మా నాయిన బండల గనిలో నాపరాళ్లు తీసేవాడు. చైనాతో యుద్ధమైన తర్వాత ఊళ్లల్లో పడి పడుచువాళ్లను మిలిటరీలోకి తీసుకుంటున్నారంటే ఈయన గొర్లను తండ్రికి అప్పజెప్పి వెళ్లి చేరాడు. అప్పటికి మా పెళ్లయి కొన్నాళ్లే. వెళ్లినవాడు సెలవు మీద ఇంటికొచ్చేసరికి నేను ఆయన ముఖం సగం మరిచిపోయాను, ఆయన నా గొంతు మరిచిపోయాడు. కొత్తవాళ్లలాగే ఉన్నాం ఇద్దరం.

వచ్చిన మర్నాడు పొద్దున నేను వాకిలి ఊడుస్తుంటే ఆయన చీపురు పుల్లతో మట్టిలో రెండు పొడుగాటి గీతలు గీసి, వాటి మీద నిలబడి, మోకాళ్లు వంచుతూ లేస్తూ ఉన్నాడు. మా అత్త చూసి భయపడింది.

"ఏమైందిరా కొడుకా? కడుపుల నొస్తుందా?"

అప్పుడు చెప్పాడు. వాటిని స్కీలు అంటారట. మా అత్త నోట్లో అవి వెంటనే 'ఇస్కీలు' అయిపోయాయి. మనిషి కంటే పొడుగు, అరచేయి కంటే సన్నం, ముందు కొస పైకి లేచి ఉంటుంది. బూటు ముందు భాగాన్ని మాత్రమే బిగిస్తారు, మడమ ఖాళీగా వదిలేస్తారు. గుట్ట ఎక్కేటప్పుడు మడమ లేవాలి కదా, అందుకని. ఎక్కడం ఆయనకు బాగానే వచ్చిందట. దిగడంలోనే వచ్చింది తంటా. పోయిన చలికాలం పరీక్ష పెడితే అందరూ దిగారు, ఈయన పడ్డాడు. మళ్లీ మంచు పడ్డాక ఇంకొక్కసారి పెడతారు.

"గుట్టల్ల పుట్టినోనివి, దిగుడు రాకపోవుడేంది?" అన్నాను.

"ఉస్తాద్ కిందికెల్లి ఒర్రుతడు. ఝుకో అంటడో, రుకో అంటడో గాలిల సమజ్ కాదు. ఉత్త 'కో' ఒక్కటే ఇనబడ్తది. ఒంగుమన్నప్పుడు ఆగిన, ఆగుమన్నప్పుడు ఒంగిన. రెండుమాట్ల బోర్లబడ్డ."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఉర్దూ తాండూరులో మాకూ వచ్చు కానీ, ఆ రెండు మాటలు అంత దగ్గర చుట్టాలని నాకెప్పుడూ తోచలేదు.

నన్ను చూడడానికి వచ్చిన నాయిన ఈ కథంతా విని అల్లుడిని తాండూరు తీసుకుపోయి వడ్రంగం చేసే తెలిసిన వడ్లాయన దగ్గర కూర్చోబెట్టాడు. వడ్లాయన కొలతలు విని తల గోక్కున్నాడట. నాగలి కాదు, నిచ్చెన కాదు, ఒక్క మనిషికి రెండు, ఇదేం పని అన్నాడట. అయినా మంచి టేకు కట్టె చూసి చిత్రిక పట్టి, కొసలు వేడినీళ్లలో నానబెట్టి వంచి ఇచ్చాడు. రైల్లో వాటిని పట్టుకుని వస్తుంటే ఎవరో చావు సామానేమోనని జరిగి కూర్చున్నారట. ఆ కట్టెలు ఇప్పుడు మా కోళ్ల గూటికి వాసాలుగా ఉన్నాయి, చెక్కు చెదరలేదు.

ఇక్కడ మంచెక్కడిది? అనంతగిరి మీద వానలు వెనకపట్టాక బోదగడ్డి ఎండి పడుకుంటుంది. దాని మీద టేకాకులు రాలి ఉంటాయి. చెప్పులతో నడిచినా కాలు నిలవదు. ఆ వాలు చూసుకున్నాడు ఆయన. కట్టెల కింద ఆముదం పూశాడు. మా అత్త లబోదిబోమంది. "నెత్తికి పెట్టుకుందామంటే సుక్క లేదు, ఇస్కీలకు కావాల్నా ఆముదం!"

మొదటి రోజు నేను సద్ది పట్టుకుని గుట్టకు వెళ్లేసరికి ఆయన పైన నిలబడి ఉన్నాడు. నన్ను చూసి హుషారుగా బయలుదేరాడు. కొంచెం దూరం రాగానే భయమేసి నడుము వెనక్కి వాల్చాడు, కట్టెల కొసలు పైకి లేచాయి, చేతులు గాలిలో ఈదాయి, మనిషి వెల్లకిలా పడి ఆకులతో సహా నా కాళ్ల దగ్గరికి వచ్చి ఆగాడు. నేను కడుపు పట్టుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు. లేచి ముఖం అటు తిప్పుకుని కట్టెలు విప్పుకున్నాడు. కళ్లలో నీళ్లున్నాయి. మగవాడు ఇలాంటిదానికి ఏడుస్తాడని నాకు తెలియదు.

"ఇటియ్యి, నేను జూస్త" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు.

చీర గోచీ పెట్టుకుని, ఆయన బూట్లలో గుడ్డలు కుక్కి వేసుకుని, కట్టెల మీద నిలబడ్డాను. కాళ్లు నావి కానట్టే ఉంది. ఆ తర్వాత ఏం జరిగిందో సరిగా చెప్పలేను. గుట్టే పైకి లేచి నా వెనక్కి పోయినట్టు అనిపించింది. కట్టెల మోపు నెత్తిన పెట్టుకుని దిగేటప్పుడు మోకాళ్లు వాటంతట అవే వంగుతాయి చూడండి, అలా వంగాయి. కింద పడ్డాను కానీ చివర్లో పడ్డాను. ఓయమ్మో, ఎంత సంతోషమో! మళ్లీ ఎక్కుతానన్నాను.

"నీకెట్లొచ్చిందే?" అన్నాడు ఆయన, నోరెళ్లబెట్టి.

"నాకేమెరుక? నువ్వు ఎనకకు వాలుతున్నవు. మామ గొర్రె కాలు వట్టేటప్పుడు ఎట్ల ఒంగుతడు? ఒక కాలు ముంగట, ఒక మోకాలు కింద. గట్ల ఒంగు."

రోజూ వెళ్లసాగాం. ఒకరోజు సద్ది తింటుండగా నేనే అడిగాను, ఈ పరీక్ష పోతే ఏం చేస్తారని. ఉద్యోగం నుంచి తీసేస్తారనే నా మనసులో ఉంది.

"తీసెయ్యరు. సికింద్రాబాద్ డిపోల ఏస్తరు, సామాన్ల కాడ. ఉండేటందుకు క్వార్టర్ ఇస్తరు. నిన్ను గూడ తోల్కపోవచ్చు" అన్నాడు ఆయన, జొన్నరొట్టె తుంచుకుంటూ.

"మరి పాసైతే?"

"పైకి. మంచు కరిగేదాక కిందికి రానియ్యరు. ఆన్నుంచి సెలవు గూడ అంత జల్ది దొరకదు."

సికింద్రాబాద్ అంటే ఎంత దూరం? పొద్దున వికారాబాద్‌లో రైలెక్కితే ఎండ ముదిరేలోపు దిగొచ్చు. ఒక గది, ఒక పొయ్యి, సాయంత్రానికి ఇంటికొచ్చే మొగుడు. ఇన్నాళ్లూ ఆ గదికి నా చేతులతో నేనే తాళం వేస్తున్నానా?

"నీకు ఏది గావాలె?" అన్నాను.

"నాతోటోళ్లందరు పైకి వోతుండ్రు. నేనొక్కన్ని కింద గూసోని మూటలు సదురుకోవాల్నా?"

నన్ను ఒక్క మాట కూడా అడగలేదు. ఒళ్లు భగ్గుమంది. సద్ది గిన్నె తీసుకుని ఇంటికి వచ్చేశాను. మర్నాడు గుట్టకు వెళ్లలేదు. పడనీ, పడితే నాకే మంచిది కదా అనుకున్నాను. అనుకున్నానే గానీ బియ్యంలో రాళ్లు ఏరుతూ బియ్యాన్నే పారబోస్తున్నాను. పొద్దుగూకే వేళకు ఆయన గడ్డం పగిలి, చొక్కా అంతా నెత్తురుతో వచ్చాడు. నా మతి పోయింది. గాయానికి పసుపు అద్దుతూ నేనే వెక్కి వెక్కి ఏడ్చాను. ఎవరి కోసం ఏడుస్తున్నానో, దేనికి ఏడుస్తున్నానో ఇప్పటికీ చెప్పలేను. ఫెయిల్ కావాలి, కానీ పడకూడదు. అట్లాంటి దారి ఏదైనా ఉంటుందా? పిచ్చి మొహాన్ని.

మళ్లీ వెళ్లాను. ఈసారి కింద నిలబడి నేనే ఉస్తాద్‌ని. ఆయన వాలు మీద వెనక్కి వాలబోతుంటే "ఒంగు!" అని అరిచాను. ఆయన కర్ర పాతినట్టు ఆగబోయి ముందుకు పడ్డాడు.

"ఒంగుమంటే ఆగుతవేందయ్యా?"

"ఆగు అన్నట్టినబడ్డదే! ఉత్త 'గు' ఒక్కటే వచ్చింది."

ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఉర్దూలో ఉన్న పరేషానే తెలుగులోనూ ఉంది! ఆయన గడ్డం కట్టు ఊడేలా నవ్వాడు, నేనూ నవ్వాను. తర్వాత నాకు కోపం వచ్చింది. అప్పుడు పెట్టాను ఆ కట్టడి.

"ఇగ ఇను. నేనేమంటున్ననో సోంచాయించకు. నా గొంతు ఇనబడ్డదా, ఒంగు. అంతే. ఒంగుడే, ఆగుడు లేదు."

అది పనిచేసింది. ఆయన్ని పరీక్షించడానికి కింది నుంచి నోటికొచ్చింది అరిచేదాన్ని. "పప్పు మాడింది!" అంటే వంగేవాడు. "మీ అయ్య కట్టె వట్టుకోని వస్తుండు!" అంటే ఇంకా వంగేవాడు. చివరికి గొర్ల బాట మీదికి మార్చాం. టేకు చెట్ల మధ్య నుంచి, రాళ్ల పక్క నుంచి మెలికలు తిరుగుతూ దిగే సన్నటి బాట అది. ఒక కాలు ముందుకు, ఒక మోకాలు నేలకు ఆనీ ఆననట్టు, రాయి దగ్గర ఇటు, చెట్టు దగ్గర అటు తిరుగుతూ ఆయన ఒకసారి కూడా పడకుండా కిందికి వచ్చి నా ముందు నిలబడ్డాడు. దూరంగా గొర్ల మధ్య నిలబడి చూస్తున్న మామ కూడా "అబ్బ!" అన్నాడు. నాకు గర్వంతో ఒళ్లు పులకరించింది. ఆ వెంటనే గుండె జారిపోయింది. ఈ రెండూ ఒక్కసారే ఎలా జరుగుతాయో నన్నడగకండి. ఆయన నా చేతులు పట్టుకుని ఊపేస్తూ, "పాసైనట్టే! నీతోనే పాసైనట్టే!" అంటున్నాడు. నేను తల ఊపుతున్నాను.

సెలవు అయిపోయింది. వికారాబాద్ స్టేషన్‌కు నేనూ అత్తా వెళ్లాం. దారిపొడుగునా చెబుదాం అనుకున్నాను, నాకు ఆ సికింద్రాబాద్ గదే కావాలని. అత్త పక్కనుంది, ఎలా చెప్పను? స్టేషన్‌లో చెబుదాం అనుకుంటే ఆయన కూర్చునే చోటు వెతుక్కుంటున్నాడు. అయినా చెప్పి ఏం లాభం? మోకాళ్లు వంచడం నేర్పింది నేనే కదా. నాకేం కావాలో నాకే తెలియని మనిషిని, ఆయనకేం చెప్పగలను?

రైలు కూత వేసింది. ఆయన తలుపు దగ్గరకు వచ్చి, కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. గడ్డం మీద మచ్చ ఇంకా ఎర్రగా ఉంది. బండి కదిలింది. మొదట మెల్లగానే కదిలింది, నడిచి అందుకోగలిగినంత మెల్లగా. అప్పుడు నా లోపల అంతా తేటపడింది, ఆ ఒక్క క్షణం. ఏం కావాలో తెలిసిపోయింది. ప్లాట్‌ఫారం మీద అంతమంది ముందు, అత్త ముందు, సిగ్గు విడిచి గొంతు చించుకుని అరిచాను.

"ఆగు!"

ఆయన విన్నాడు. ముఖం వెలిగిపోయింది. కడ్డీ పట్టుకుని, ఒక కాలు ముందుకు పెట్టి, ఒక మోకాలు కిందికి దించి, గుట్ట మీద వంగినట్టే చక్కగా వంగాడు. నా వైపు చూసి నవ్వుతూ అలాగే వంగి వెళ్లిపోయాడు. పొగ అడ్డం వచ్చేదాకా లేవలేదు.

అత్త నా భుజం పట్టుకుని ఇటు తిప్పింది.

"ఏమన్నవే పిల్లా, గట్ల ఒర్రినవు?"

"ఒంగుమన్న అత్తా" అన్నాను. "తలుపు నెత్తికి తాకుతదని."